నేర్పబోయేవారికి పరీక్ష

ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న మిత్రుణ్ణి ఎవరినైనా ఒక ప్రశ్న అడిగి చూడండి: "ఇందాక ఆ మలుపు తిరిగే ముందు మీరు ఏ అద్దంలోకి చూశారు? ఎప్పుడు చూశారు?" చాలామంది జవాబు తోచక నవ్వేస్తారు. చూసివుండవచ్చు, చూడకపోయి వుండవచ్చు. చేతులూ కాళ్లూ తమ పని తాము చేసుకుపోయాయి. మనసు మరెక్కడో వుంది.

అభ్యాసం ముదిరినకొద్దీ అది మన కంటికే కనబడకుండా పోతుంది. పుట్టినది మొదలు మాట్లాడుతున్న భాషకు వ్యాకరణం అనేది ఒకటుందని, దాన్ని పరాయివారికి నేర్పవలసి వచ్చేదాకా మనకు స్ఫురించదు. వాహనం నడపడమూ అటువంటిదే. నడపగలగడం ఒక విద్య. తాను ఎలా నడుపుతున్నదీ ఎరిగి వుండడం మరొక విద్య. ఈ రెంటి నడుమ వున్న దూరాన్ని కొలిచే పరీక్ష ఒకటి గ్రేట్ బ్రిటన్‌లో వుంది. కారు నడపడం నేర్పే వృత్తిలో ప్రవేశించదలచినవారు దాన్ని దాటి తీరాలి.

ఆ దేశంలో కొత్తగా కారు నడిపేవారికి పరీక్ష తప్పనిసరి అయినది 1935లో. నేర్పేవారికి మాత్రం ఆ తరువాత చాలాకాలం ఏ నిర్బంధమూ లేకపోయింది. 1964లో, ఇష్టపడిన శిక్షకులు తమ పేరు నమోదు చేసుకొనే ఏర్పాటు జరిగింది. 1970 నుంచి ఆ నమోదు తప్పనిసరి అయింది. నేడు ఆ పట్టికలో పేరుగాని, శిక్షణ పొందుతున్నవారికిచ్చే తాత్కాలిక అనుమతిగాని లేకుండా డబ్బు తీసుకొని కారు నేర్పడం నేరం.

పట్టికలోకి ఎక్కడానికి మూడు మెట్లున్నాయి. మొదటిది కంప్యూటరు ముందు కూర్చుని రాసే పరీక్ష: 100 ప్రశ్నలకు కనీసం 85 సరైన జవాబులు రావాలి; దానితోపాటు, రహదారి మీద పుట్టుకొచ్చే ప్రమాదాలను దృశ్యాలలో చూసి పసిగట్టాలి. మూడవది, నిజమైన విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని పాఠం చెప్పడం. ఈ రెంటికీ మధ్య వున్న రెండవ మెట్టు అభ్యర్థి స్వయంగా కారు నడిపి చూపవలసిన పరీక్ష. అనుభవజ్ఞులు తేలిక అనుకునేదీ, తీరా వెళ్లాక తడబడేదీ ఇక్కడే. హాజరైనవారిలో ఇంచుమించు సగం మందే దీన్ని దాటుతూ వుంటారు.

గంటసేపటి పరిశీలన

పరీక్ష కంటిచూపుతో మొదలవుతుంది. మామూలు అభ్యర్థి కారు నెంబరు పలకను 20 మీటర్ల దూరం నుంచి చదివితే చాలు. శిక్షకుడు కాదలచినవాడు 26.5 మీటర్ల నుంచి చదవాలి. తరువాత వాహన సంరక్షణ గురించి మూడు ప్రశ్నలు అడుగుతారు. దారిలో, కారు నడుపుతూనే చేసి చూపవలసినవి మరి రెండు. ఆ పైన దాదాపు గంటసేపు ఇళ్ల మధ్య వీధులలోనూ, రద్దీ కూడళ్లలోనూ, వేగంగా సాగే రహదారుల మీదా ప్రయాణం. అందులో సుమారు 20 నిమిషాలు పరీక్షాధికారి దారి చెప్పడు. ఎదుటి పలకలనుగాని దారిచూపే యంత్రాన్నిగాని అనుసరించి అభ్యర్థే నడపాలి. వెనక్కు నడిపి నిలిపే విన్యాసాలు రెండు చేయాలి.

మామూలు పరీక్షలో 15 చిన్న తప్పుల వరకు క్షమిస్తారు. ఇక్కడ ఆరు మాత్రమే. ఏడవ తప్పుతో పరీక్ష పోతుంది. గంభీరమైన తప్పు ఒక్కటి జరిగినా అంతే. ఇటువంటి అవకాశాలు మూడే. మూడవసారీ తప్పితే, మొదటి మెట్టు దాటిన తేదీ నుంచి రెండేళ్లు గడిచేదాకా ఆగి, అంతా తిరిగి ఆరంభించాలి. నడివయసులో పాత ఉద్యోగం వదిలి ఈ వృత్తిని నమ్ముకొని వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు.

అనుభవమే అడ్డు

ఇంతకూ వారు చేసే తప్పులేమిటి? కారును గోడకు కొట్టడం కాదు. వేగం తగ్గించిన తరువాత అద్దం చూడడం — చూడవలసినది ముందు. వెనుక ఎవరూ లేకపోయినా, వున్నా ఒకే తీరున అలవాటుగా సైగదీపం వెలిగించడం. ఎదుటి బండికి మరీ చేరువగా పోయి ఆగడం. వేగపు హద్దు మీద రెండు మూడు మైళ్లు ఎక్కువగా పోనివ్వడం. అతి జాగ్రత్త కూడా రక్షించదు: కూడలిలో పోదగిన ఖాళీ వున్నా పోకుండా నిలబడిపోతే అదీ తప్పే.

మరొక చిక్కు కూడా వుంది. మనం నేర్చుకున్ననాటి నిబంధనలు మన చేతులలో మిగిలిపోతాయి. నిబంధనలు మాత్రం మారిపోతాయి. బ్రిటిష్ రహదారి నియమావళిలో 2022 జనవరిలో పెద్ద మార్పులు వచ్చాయి. పక్కవీధిలోకి తిరిగే కారు, ఆ వీధిని దాటుతున్న పాదచారికేగాక దాటడానికి నిలుచున్నవారికి కూడా దారి ఇవ్వాలి. గంటకు 30 మైళ్ల వేగంలోపు సైకిలును దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం వుంచాలి. వేల్సులో 2023 సెప్టెంబరు నుంచి ఇళ్ల మధ్య వీధులలో సాధారణ వేగ పరిమితి 30 మైళ్ల నుంచి 20కి తగ్గింది. ఇవన్నీ చదివితే చాలదు. పాదానికి తెలియాలి.

నోటితో నడపడం

ఈ పరీక్షకు తయారయ్యేవారు చేసే సాధనలలో ముఖ్యమైనది చూడడానికి వింతగా వుంటుంది. కారు నడుపుతూ, తాము చూస్తున్నదీ చేయబోతున్నదీ బిగ్గరగా చెబుతూ పోవడమే ఆ సాధన. లండన్‌లోని హెండన్‌లో 1930 దశకంలో మొదలైన పోలీసు చోదక శిక్షణ సంప్రదాయంలో ఇది బాగా వాడుకలో వున్న పద్ధతి.

"ఎడమ పక్కన బస్సు ఆగి వుంది. దాని ముందు నుంచి మనుషులు రావచ్చు. లోపలి అద్దం చూశాను; వెనుక ఒక వ్యాను దగ్గరగా వుంది. కుడి అద్దం చూశాను. అందుకని మెల్లగా వేగం తగ్గిస్తున్నాను. బస్సు కింద నుంచి కాళ్లు కనబడుతున్నాయి..."

మొదటి రోజున నాలుక తడబడుతుంది. చెప్పేలోపునే బస్సు వెనుకబడిపోతుంది. కొద్ది రోజులు గడిచేసరికి ఒక మార్పు వస్తుంది: చెప్పడానికి వ్యవధి కావాలి గనుక చూపు ముందుకు సాగుతుంది. పది గజాల ముందు చూసేవారు వంద గజాల ముందు చూడడం నేర్చుకుంటారు. చూపు దూరమైనకొద్దీ బ్రేకు మృదువవుతుంది. గంటకు 30 మైళ్ల వేగంతో పోయే కారు పూర్తిగా ఆగడానికి 23 మీటర్లు పడుతుందని, 70 మైళ్ల వేగమైతే 96 మీటర్లని అక్కడి నియమావళి చెబుతుంది. ఎదుటి బండికి రెండు సెకండ్ల ఎడం, వాన కురిస్తే నాలుగు సెకండ్లు వుండాలన్న సూత్రం అప్పుడు కంఠస్థం చేసిన పాఠంగా గాక, కళ్లెదుటి ఖాళీగా కనబడుతుంది.

ఈ సాధన ఉపయోగం పరీక్షతో తీరిపోదు. రేపు పక్క సీటులో కూర్చున్నప్పుడు శిక్షకుడి చేతిలో స్టీరింగు వుండదు. వుండేవి కళ్లూ మాటలే. "జాగ్రత్త" అన్న కేకవల్ల బెదిరిన విద్యార్థికి ఏమీ తెలియదు. "ఆ బస్సు ముందు నుంచి ఏం రావచ్చునంటారు?" అని అయిదు సెకండ్లు ముందుగా అడగగలిగితే అది పాఠమవుతుంది. తాను చూసినదాన్ని మాటలలో పెట్టలేనివాడు ఆ ప్రశ్న అడగలేడు. రెండవ మెట్టును మూడవదానికి ముందు వుంచడంలోని అంతరార్థం ఇదే. పట్టికలోకి ఎక్కిన తరువాత కూడా నాలుగేళ్లలో ఒకసారైనా అధికారి వెనుక సీటులో కూర్చుని వారి బోధనను పరిశీలిస్తాడు.

మన దారుల మీద

భారతదేశం నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడినవారు మన లైసెన్సుతో 12 నెలలు మాత్రమే కారు నడపవచ్చు. ఆ తరువాత అక్కడి పరీక్ష రాయక తప్పదు. ఇక్కడ ఏళ్ల తరబడి నడిపినవారు సైతం అక్కడ శిక్షకుడి పక్కన కూర్చుని అద్దం చూడడం మొదటినుంచీ నేర్చుకుంటారు.

మన దేశంలో శిక్షణశాలలను నియంత్రించేది 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు. బోధించేవారు పదవ తరగతి ఉత్తీర్ణులై వుండాలి. అయిదేళ్ల అనుభవం, మోటారు మెకానిక్ పనిలో సర్టిఫికెట్టు, రహదారి గుర్తుల పరిజ్ఞానం వుండాలి. శిక్షణ కారులో రెండవ బ్రేకు వంటి జంట అమరిక వుండాలి. మంచి షరతులే. కాని ఆ అర్హతల జాబితా అనుభవాన్ని ఏళ్లతో లెక్కిస్తుంది. ఆ ఏళ్లలో ఏ అలవాట్లు పేరుకున్నాయో రహదారి మీద చూడమని అది చెప్పదు. 2021 జూలై నుంచి, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలలో పాఠక్రమం పూర్తిచేసినవారికి లైసెన్సు కోసం మళ్లీ నడిపి చూపే పరీక్ష అవసరం లేకుండా వీలు కల్పించారు. ఆ మేరకు శిక్షకుడి బాధ్యత ఇంకా బరువెక్కింది.

2022లో మన రహదారుల మీద 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక చెబుతున్నది. దీనికి కారణాలు అనేకం: రోడ్లు, వేగం, మద్యం, తలకు లేని హెల్మెట్టు. నేర్పినవారి లోపం అందులో ఎంతో ఎవరూ విడదీయలేరు. అయినా ఒక మాట నిశ్చయంగా అనవచ్చు: శిక్షకుడు అద్దం చూడకపోతే అతని విద్యార్థులూ చూడరు, వారి పిల్లలూ చూడరు.

మీ ఇంట్లో ఎవరినైనా కారు నేర్చుకోవడానికి పంపబోతున్నట్లయితే, ఫీజు అడిగే ముందు ఆ శిక్షకుణ్ణి మరొకటి అడగండి: "ఒక్క పది నిమిషాలు మీరు నడుపుతూ, ఏం చూస్తున్నారో మాకు చెబుతారా?" చెప్పగలిగినవారి దగ్గర చేర్పించండి. రేపు ఉదయం ఖాళీ వీధిలో మీరూ ఒకసారి ప్రయత్నించండి. మీ కళ్లు ఎంత దూరం వెళుతున్నాయో మీకే తెలుస్తుంది.