కొసరి వడ్డించరాని విస్తరి

డొక్కా సీతమ్మగారి పేరు వినని ఇల్లు కోనసీమలో ఉండదు. లంకల గన్నవరమున వేళకాని వేళ వచ్చినవారికిని వండి వడ్డించిన ఆ తల్లి సీమలో, 'చాలు' అన్న తరువాతనే అసలు వడ్డన మొదలగును. అమలాపురము, రాజోలు, కొత్తపేట వైపుల విందారగించినవారు ఇది ఎరుగుదురు. ఇంత మంచి అలవాటు కొందరు పసివారికి హాని చేయుననుచున్నాము, శ్రోతలు మన్నింతురుగాక.

పప్పు, పాలు, చేప, గ్రుడ్డు మొదలగువానిలోని మాంసకృత్తులు జీర్ణమై ఎమినో ఆమ్లములగును. శరీరము పెరుగుదలకు వలసినంత గ్రహించి, మిగిలినదానిని ఎంజైముల సాయమున విరిచివేయును. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఆ ఎంజైములలో ఒకటి పనిచేయదు. ఫినైల్‌కీటోనూరియా అను వ్యాధిలో ఫినైల్‌ఎలనిన్ అను ఆమ్లము ఖర్చు కాక రక్తమున పేరుకొని, ఎదుగుచున్న మెదడును చెరచును. 1934లో నార్వే వైద్యుడు ఫోలింగ్ ఈ వ్యాధిని గుర్తించెను. బిడ్డలిద్దరి బుద్ధిమాంద్యమునకు కారణము తెలిసికొనవలెనని పట్టువిడువని ఒక తల్లియే అందులకు కారకురాలు. ఆ ఆమ్లమును తగ్గించిన ఆహారముతో ఒక పసిపిల్ల కుదుటబడుటను 1953లో బర్మింగ్‌హామ్ వైద్యుడు బికెల్, ఆయన సహచరులు లోకమునకు తెలిపిరి. గుణము పథ్యముదేనా అని తేల్చుటకు ఆ ఆమ్లమును ఆహారమున మరల చేర్చి చూడగా పిల్ల దిగజారెను.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. హైదరాబాదు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితములనుబట్టి, ఇంచుమించు వేయిమందిలో ఒకరికి ఏదో ఒక జీవక్రియాలోపము కలదు. అన్నియు మాంసకృత్తులకు సంబంధించినవి కావు. తల్లిదండ్రులిరువురును ఒకే లోపపు జన్యువును మోయుచున్నచో, ప్రతి కానుపునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒకపాలు అవకాశముండును. మేనరికములలో అట్టి జంటలు కలియుట ఎక్కువ. మడమనుండి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో వ్యాధిని పుట్టిన కొలదిదినములలోనే పట్టుకొనవచ్చును.

పథ్యమనగా మాంసకృత్తులను బొత్తిగా మానుట కాదు. అవి లేనిదే బిడ్డ ఎదుగదు. వైద్యుడు నిర్ణయించిన కొలతకు మించకుండుటయే పథ్యము. 100 గ్రాముల కందిపప్పున సుమారు 22 గ్రాములు, చేపలో 20 గ్రాముల వరకు మాంసకృత్తులుండును. వానిని మానిపించుట సులభమే. చిక్కు అన్నముతో వచ్చును. 100 గ్రాముల బియ్యమునను 7 గ్రాములుండుటచే బియ్యమును త్రాసులో తూచవలసివచ్చును. సగ్గుబియ్యమున ఒక గ్రామైనను లేదు. నెయ్యి, కొబ్బరినూనె, పంచదార బలమునకు పనికివచ్చును. ఆత్రేయపురపు పూతరేకును తూచి, లెక్కలో చేర్చి పెట్టవచ్చును. జీడిపప్పు వేసినది కూడదు. హాని చేయు ఆమ్లము తప్ప తక్కినవి గల ప్రత్యేకమైన పొడిని రోజుకు పలుమార్లు కలిపి త్రాగించవలెను. దాని వాసన పెద్దలకే సహింపదు; వెల మరింత సహింపదు. ఆహారమే చికిత్సయైన ఇట్టి వ్యాధులను 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానమున చేర్చిరి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి, డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రము కలిసి ఇందులకు విశిష్టకేంద్రముగా గుర్తింపబడినవి.

పథ్యము చెడునది తల్లి వంటింట కాదు. నాయనమ్మ కొంగుచాటున అందించు సున్నుండ, పొరుగింటి జున్ను, పెండ్లిపందిట పాలకోవా, బడిలో సీతమ్మగారి పేరిటనే సాగు మధ్యాహ్నభోజనమున గ్రుడ్డు, వేరుసెనగ చిక్కీ — ఇవియే చెరచునవి. సున్నుండ తిన్న బిడ్డకు వాంతి కాదు, జ్వరము రాదు, ఆడుకొనుచునే ఉండును. 'చూచితివా, ఏమైనది?' అని ముసలమ్మ కోడలిని నిలదీయును. రక్తపరీక్షలో మాత్రము ఆ సున్నుండ బయటపడును. నష్టము వెంటనే కంటబడకపోవుటయే పథ్యభంగమునకు మూలమని మా అభిప్రాయము. కావున కొలత ఇంటిల్లిపాదికిని, బడిపంతులుగారికిని తెలియవలెను.

జ్వరము వచ్చినప్పుడు 'లంఖణము పరమౌషధ'మనుట పెద్దల వాడుక. ఈ బిడ్డలకు అది చెల్లదు. పస్తున్న శరీరము తన కండనే కరగించుకొనును. పప్పు తినకున్నను అదే ఆమ్లము రక్తమున చేరును. మూత్రమునకు మాడిన చక్కెర వాసన వచ్చు మరియొక వ్యాధిలో, ఒకటి రెండు దినములలోనే బిడ్డ స్పృహ తప్పవచ్చును. జ్వరమునాడు ఏమి త్రాగించవలెనో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తవలెనో వైద్యునిచే ముందే వ్రాయించుకొనవలెను.

పాశ్చాత్యదేశములలో పూర్వము బాల్యము దాటగానే ఈ పథ్యమును విడిపించెడివారు. ఏకాగ్రత, మనస్స్థిమితము సన్నగిల్లుట చూచి ఇప్పుడు జీవితాంతము పాటింపుమనుచున్నారు. ఫినైల్‌కీటోనూరియా గల స్త్రీ గర్భమునకు ముందే కట్టుదిట్టమైన పథ్యమునకు రాకున్న, ఆ వ్యాధి లేని గర్భస్థశిశువునకే మెదడు, గుండె దెబ్బతినవచ్చును. 'ఇద్దరి తిండి తినవలె'నని కోడలికి కొసరి పెట్టు అత్తగారికి ఈ సంగతి పెండ్లినాటికే తెలిసియుండవలెను.