ఒకే మూస, వేయి పుటలు

శుభలేఖలో అతిథి పేరుకు చోటు విడిచి అచ్చొత్తించి, ఆపైన చేతితో పూరించడం మనకు పరిచితమే. వెబ్ పుటలలో ఈ పూరించే బాధ్యతను సర్వర్ వహిస్తుంది. పరీక్షాఫలితాల పుటనే తీసుకుందాం. విద్యార్థి తన సంఖ్యను పంపగానే సర్వర్‌లోని స్క్రిప్టు డేటాబేస్ నుండి పేరును, మార్కులను గ్రహించి మూసలోని ఖాళీలలో నింపుతుంది. బ్రౌజరుకు చేరేది పూర్తయిన హెచ్.టి.ఎం.ఎల్. మాత్రమే; స్క్రిప్టు కంటబడదు.

1995లో వెలువడిన పి.హెచ్.పి.లో హెచ్.టి.ఎం.ఎల్. నడుమనే ఆదేశాలను వ్రాయవచ్చు. ఈ సౌలభ్యమే చిక్కులకూ మూలమయింది. లెక్కలూ అలంకరణా కలగలిసిన చోట శీర్షికను మార్చబోయినవాడు లెక్కను చెరుపుతాడు. కనుకనే మూసను వేరుగా ఉంచడం మేలని మా అభిప్రాయం.

అయితే మూసలో చేరే విలువలను నమ్మరాదు. పేరు గడిలో ఎవరైనా స్క్రిప్టు వ్రాసి పంపితే, అది ఇతరుల బ్రౌజర్లలో ఆజ్ఞగా పనిచేయగలదు. కోణపు కుండలీకరణాల వంటి గుర్తులను వట్టి అక్షరాలుగా మార్చి చూపడానికి పి.హెచ్.పి.లో హెచ్.టి.ఎం.ఎల్.స్పెషల్‌చార్స్ అనే ప్రమేయం ఉన్నది.

ఉర్దూ, తెలుగు రెండింటినీ ప్రకటించే మనవంటి కళాశాలలకు ఇంకొక జాగ్రత్త అవసరం. ఉర్దూ పుటకు కుడి నుండి ఎడమకు అనే దిశను మూసలోనే తెలుపకపోతే, వాక్యాంతపు ఆశ్చర్యార్థకం వాక్యారంభానికి ఎగిరిపోతుంది. తెలుగు మూసనే నకలు తీసి ఉర్దూకు వాడేవారు తరచు మరచేది దీనినే.