చలువ తొట్టిలో స్టెబిలైజరు: అపోహలు – వాస్తవములు

నూలుబట్టను హైడ్రోజన్ పెరాక్సైడుతో చలువచేయు కార్ఖానాలలో స్టెబిలైజరును గూర్చి వ్యాపించియున్న భావనలు పెక్కు పొరపాటులతో కూడినవి. ఆ పొరపాటుల ఫలమనుభవించునది బట్టయే గనుక వానిని విడమరచి చెప్పవలసియున్నది.

వీనిలో మిక్కిలి లోతుగా వేరూనినది, స్టెబిలైజరే బట్టను తెల్లబరచునను అపోహ. ఎంత పోసిన అంత ధవళిమ వచ్చునని కొందరు కొలత మీరి పోయుదురు. పెరాక్సైడు క్షారముతో కూడినప్పుడు పుట్టు పర్‌హైడ్రాక్సిల్ అయానే వాస్తవముగా తెలుపుచేయునది. పీపాలలోని పెరాక్సైడు ఆమ్లస్థితిలో నుండుటచేతనే చాలకాలము చెడక నిలుచును. కాస్టిక్ సోడాతో పి.హెచ్.ను 10.5–11 వరకు పెంచి, 90–95 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలించినప్పుడది పనికి పూనుకొనును. కాని ఆ క్షారమే, ఆ వేడియే దానిని నీరుగను ఆక్సిజనుగను విడగొట్టి వృథా చేయుటకును తోడ్పడును. ఆ వ్యర్థవిచ్ఛేదమును అదుపులో నుంచుటయే స్టెబిలైజరు ధర్మము. మోతాదు మించెనా, పెరాక్సైడు కట్టుబడి, గడువులోపల రావలసిన తెలుపు రాకపోవును.

పెరాక్సైడు సాత్త్వికమైనది, నూలునకు హాని చేయదనుట మరియొక భ్రమ. నీటినుండియో, త్రుప్పుపట్టిన గొట్టమునుండియో, ప్రత్తినుండియో వచ్చిన ఇనుము, రాగి, మాంగనీసుల లేశమాత్రము చాలును. దాని ప్రేరణచే పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్ సెల్యులోజు గొలుసులను తెగగొట్టును. త్రుప్పురేణువు అంటుకొనిన చోట బట్టకు సూదిబెజ్జములు పడుటకు కారణమిదియే. అంతకంటె విచారకరమేమనగా, కంటికి మల్లెపూవువలె కనిపించు బట్టయు లోలోపల బలహీనపడియుండవచ్చును. క్యుప్రమ్మోనియం ద్రావణములో కరగించి స్రవత్వమును కొలిచినగాని ఆ సంగతి బయటపడదు. కావున తెలుపొక్కటే చూచి పని బాగున్నదని తీర్మానించుట న్యాయము కాదని నా దృఢాభిప్రాయము.

నీరెంత మెత్తనైన అంత మేలనువారు కలరు. నీటిలో ఇనుము ఎంత తక్కువైన అంత మేలనుట నిజమే. కాని సోడియం సిలికేటును స్టెబిలైజరుగా వాడునప్పుడు కొద్దిపాటి మెగ్నీషియం అత్యావశ్యకము. ఆ రెండును కలిసి ఏర్పడు కొల్లాయిడ్ మెగ్నీషియం సిలికేటు లోహకణములను తనకంటించుకొని నిర్వీర్యములను చేయును. అందుచేతనే మిక్కిలి మెత్తని నీటిలో రవంత ఎప్సం లవణము వేయుట అనుభవజ్ఞుల ఆచారము.

సిలికేటును పూర్తిగా వెలివేయవలెనను నేటి వాదము సగము సత్యము. అది రోలర్లపై రాయివలె పేరుకొనును, బట్టకు గరుకుతనము తెచ్చును, అద్దకములో మచ్చలకు హేతువగును. అయితే అది క్షారమును నిలకడగా నుంచునదియు నగుటచే, దానికి బదులు ఫాస్ఫొనేటు జాతి స్టెబిలైజరును వాడువారు పి.హెచ్.ను తరచు పరీక్షించుకొనవలయును. లోహములను పట్టి బంధించు ఇడిటిఎ యొక్కటే సర్వసమర్థమనుకొనుటయు తప్పే. తీవ్రక్షారములో అది ఇనుమును పట్టి నిలుపజాలదు.

చివర తొట్టిలో పెరాక్సైడు మిగులుట నష్టమని తలచి, అది పూర్తిగా హరించువరకు ఉడికించువారును కలరు. అట్లు చేసిన తెలుపు మరల పసుపువారును. ఆరంభములో వేసినదానిలో పదవవంతైనను మిగులుట మంచిది. రియాక్టివ్ రంగులు అద్దుటకు ముందు ఆ శేషమును కెటలేజ్ ఎంజైముతో తొలగింపవలెను. లేనిచో అది రంగును దెబ్బతీయును.