డయాలసిస్ పైపుకి అంటుకునే ఫంగస్.. ఆ ‘జిగురు’ జన్యువులు ఏం చేస్తాయంటే?

ఉద్దానం అనగానే గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి.. ఈ ఊళ్లన్నిటా డయాలసిస్ కేంద్రాలున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. ఇక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పక్కాగా తేలలేదు. ఇప్పుడు చెప్పుకోబోయే ఫంగస్‌కి, ఆ జబ్బుకి ముడిపెట్టొద్దు. దీని గొడవంతా డయాలసిస్ మొదలయ్యాకే!

చేతికి ఫిస్టులా వేసినా అది వాడకానికి రావాలంటే వారాలు పడుతుంది. ఈలోగా మెడ దగ్గర పెద్ద నరంలోకి క్యాథెటర్ అనే పైపు వేస్తారు. ఈ పైపు ఇన్ఫెక్షన్లలో ఎక్కువ శాతం బ్యాక్టీరియావే. అయితే కాండిడా అనే ఈస్ట్ కూడా అదను కోసం చూస్తుంటుంది. మామూలుగా మన చర్మం మీద, పేగుల్లో ఉండేదే. రక్తంలోకి దిగిందంటే మాత్రం ప్రాణాల మీదకొస్తుంది. 2022లో డబ్ల్యూహెచ్ఓ ‘క్రిటికల్’ అని ప్రకటించిన నాలుగు ఫంగస్‌లలో రెండు కాండిడాలే.

దాని బలమంతా అంటుకోవడంలోనే ఉంది. పొలం గట్టున నడిస్తే ఉత్తరేణి గింజలు పంచెకి పట్టేస్తాయి కదా.. అలాగన్నమాట. కణం పైన ఉండే ప్రొటీన్లే ఆ ముళ్లు. వాటిని తయారుచేసే జన్యువులు కుటుంబాలుగా ఉంటాయి. కాండిడా ఆల్బికన్స్‌లో ‘ఏఎల్ఎస్’ కుటుంబానికి 8 జన్యువులు. వీటిలో ఏఎల్ఎస్-3 మహా ముదురు. మన కణాలకి అతుక్కుంటుంది, లోపలికి దూరుతుంది, మన ఒంట్లో దాచుకున్న ఇనుమునీ లాగేస్తుంది. అతుక్కున్నాక పైపు మీద జిగురు పొర కడుతుంది. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. అందుకే చాలా కేసుల్లో డాక్టర్లు పైపునే తీసేస్తారు.

రెండోది కాండిడా గ్లాబ్రాటా. బ్రెడ్ పొంగడానికి వాడే ఈస్ట్‌కి ఇది దగ్గరి చుట్టం! దీని ‘ఈపీఏ’ కుటుంబంలో సుమారు 20 జన్యువులు. అయితే అన్నీ ఒకేసారి పనిచేయవు. చాలావరకు క్రోమోజోముల చివర్లలో నోరు మూసుకుని ఉంటాయి. వాటి నోరు మూయించే ప్రొటీన్ పనిచేయాలంటే నియాసిన్, అంటే విటమిన్ బి3 కావాలి. గ్లాబ్రాటా దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. మూత్రంలో అది తక్కువ. దాంతో అక్కడ తాళం ఊడుతుంది, ఈపీఏ-6 లాంటివి నిద్ర లేస్తాయి. ఫంగస్ మూత్రాశయం గోడకి పట్టేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన ఈ సంగతి 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆకలేస్తే అంటుకోవడం.. ఒక్క కణానికి ఎంత తెలివో చూడండి!

ఈ గ్లాబ్రాటా మీద మన హైదరాబాద్‌లోనే పరిశోధన జరుగుతోంది. సీడీఎఫ్‌డీలో శాస్త్రవేత్త రూపిందర్ కౌర్ బృందం దీన్ని ఏళ్లుగా పరిశీలిస్తోంది. అటు అమెరికాలో ఏఎల్ఎస్-3 ప్రొటీన్‌తోనే ఒక టీకా తయారుచేసి మహిళల్లో ట్రయల్ కూడా చేశారు. అది ఇంకా మార్కెట్లోకి రాలేదు.

మరి పైపు ఉన్నవాళ్లు ఏం చూసుకోవాలి? స్నానంలో పైపు తడవకూడదు. చలి, వణుకుతో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఇంట్లో పడుకోవద్దు.. అదే రోజు డయాలసిస్ కేంద్రానికి వెళ్లాలి. రక్తం కల్చర్‌లో ఈస్ట్ కనిపిస్తే అది ఏ రకమో కూడా అడగండి. ఎక్కువగా వాడే ఫ్లూకోనజోల్ గ్లాబ్రాటా మీద అంతగా పనిచేయదు, వేరే మందు ఎక్కించాల్సి రావచ్చు.