రేఖాపటంలో ఖాళీలు: హోస్టు సర్వర్ల పనితీరు లెక్కలు

మన పాత పట్టణాలలోని వాటాల ఇళ్లు చాలామందికి తెలిసినవే. ఒకే ప్రహరీ లోపల నాలుగైదు కుటుంబాలు; వేరువేరు గుమ్మాలు, వేరువేరు వంటిళ్లు; మేడమీద నీళ్ల ట్యాంకు మాత్రం ఒక్కటే. ఒక వాటాలో కుళాయి సన్నగా కారుతున్నదంటే ఆ ఇంటివారికి కారణం తెలియదు. ట్యాంకు దగ్గర నిలబడి చూసినవారికే ఎవరు ఎంత వాడుతున్నారో అర్థమవుతుంది.

వర్చువలైజేషన్ అనే విధానం సరిగా ఇటువంటిదే. ఒక పెద్ద సర్వరు మీద అనేక వర్చువల్ యంత్రాలు కాపురముంటాయి. ప్రతి యంత్రమూ తానొక స్వతంత్ర కంప్యూటర్‌ననే భావిస్తుంది. వీటికి ఆశ్రయమిచ్చే అసలు సర్వరును హోస్టు అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. ఐబీఎం వారు 1972లోనే వీఎం/370 అనే వ్యవస్థను ప్రకటించారు. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ 2001లో ఈఎస్‌ఎక్స్ సర్వరును వెలువరించిన తరువాత సాధారణ సర్వర్లలోనూ ఈ పద్ధతి వ్యాపించినది.

ఒక వర్చువల్ యంత్రం మందకొడిగా నడుస్తున్నప్పుడు దాని లోపల నుండి చూస్తే కారణం తరచుగా కనబడదు. తనకు ప్రాసెసర్ వంతు రాక ఎంతసేపు నిరీక్షించినదో చాలాసార్లు ఆ యంత్రానికే తెలియదు. ఆ నిరీక్షణకాలాన్ని కొలిచేది హోస్టు. కావున హోస్టు పనితీరు లెక్కలు లేనినాడు నిర్ణయాలన్నీ ఊహలే అవుతాయి. ఆ లెక్కలు కనబడకుండా పోవడానికి గల కారణాలను, వాటిని వెదికే క్రమాన్ని ఈ వ్యాసంలో వివరించదలచాను.

ఈ విషయం మీద నాకు ఆసక్తి కలగడానికి ఒక సంఘటన కారణం. ఒక విద్యాసంస్థలో పరీక్ష ఫీజు చెల్లించడానికి గడువు ముగిసే రోజున, ఉదయం 11 గంటల నుండి ఒంటిగంట వరకు ఫీజు పేజీ తెరుచుకోలేదు. పలువురు విద్యార్థులు మరునాడు ఆలస్య రుసుముతో కట్టవలసివచ్చినది. కొద్దిరోజులకు జరిగిన విచారణలో నేనూ కూర్చున్నాను. ఆ రెండు గంటల రేఖాపటాన్ని తెర మీద చూపించారు. గీత లేదు, అడుగున తెల్లటి ఖాళీ మాత్రమే ఉన్నది. దానిని చూసిన పెద్దలు, "యంత్రం మీద భారమే లేదు, లోపం విద్యార్థుల ఫోన్లలోనే ఉన్నది" అని తేల్చారు. ఖాళీని సున్నగా చదివారన్నమాట. సున్న అంటే కొలిచి చూడగా ఏమీ లేదని. ఖాళీ అంటే కొలతే మనకు అందలేదని. ఈ రెంటికీ గల భేదాన్ని ఆనాడు ఎవరూ అడగలేదు. నాకూ వెంటనే స్ఫురించలేదు.

అంకె ఎక్కడ పుట్టి ఏ దారిన మన ముందుకు వస్తుందో తెలిస్తే, అది తప్పిపోయిన చోటు తెలుసుకోవడం కష్టం కాదు. వీఎంవేర్ పద్ధతినే ఉదాహరణగా తీసుకుందాం. ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టు ప్రతి 20 సెకండ్లకు ఒకసారి లెక్క తీసి, సుమారు ఒక గంట పాటు, అనగా 180 లెక్కలను, తన వద్దనే ఉంచుకుంటుంది. అటుపైన పాతవాటిని వదిలివేస్తుంది. అన్ని హోస్టులకు పెత్తనదారు వంటిది వీసెంటర్. అది 15 లెక్కలను కలిపి 5 నిమిషాల లెక్కగా కూర్చి ఒక దినం పాటు భద్రపరుస్తుంది. వారానికి 30 నిమిషాల లెక్కలు, నెలకు 2 గంటల లెక్కలు, సంవత్సరానికి రోజుకొక లెక్క మిగులుతాయి. ఇంటి పద్దును నెలాఖరున మొత్తాలుగా కుదించి చిన్న చీటీలు పారవేసినట్లే ఇదీను. రెండు నిమిషాల ఉధృతి ఏడాది పటంలో కనబడలేదంటే అది తప్పిపోయిన అంకె కాదు, కరిగిపోయిన అంకె.

కనుక మొదట ఖాళీ యొక్క ఆకారాన్ని చూడాలి. హోస్టులన్నింటికీ ఒకేసారి గీత తెగినదా, ఒక్కదానికేనా? అన్నింటికీ తెగితే దోషం వీసెంటర్‌లోనో, దాని నిల్వలోనో ఉండవచ్చు. గణాంకాలను దాచే డిస్కుభాగం నిండిపోతే వీసెంటర్ సేవయే ఆగిపోతుంది. ప్రస్తుత సంగతులు కనబడుతూ నిన్నటివి, మొన్నటివి లేకుంటే లెక్కలను కుదించే పని ఎక్కడో నిలిచిపోయినదని అనుమానించాలి. వీసెంటర్ విండోస్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో నడిచిన కాలంలో, ఆ కుదింపు పనులు చడీచప్పుడు లేకుండా ఆగిపోవడం నిర్వాహకులకు తరచైన తలనొప్పి.

ఒక్క హోస్టుకే ఖాళీ ఉన్నప్పుడు వీసెంటర్‌ను పక్కనపెట్టి, నేరుగా ఆ హోస్టులోనికి ప్రవేశించి చూడాలి. ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే సాధనం అక్కడికక్కడే అంకెలను చూపుతుంది. అక్కడ అంకెలుండి వీసెంటర్‌లో లేకుంటే పుట్టుకలో లోపం లేదు. దారిలోనే ఏదో జరిగినది. దారిలో ఇద్దరు సేవకులున్నారు. హోస్ట్‌డీ ఇంటి లోపలి పనులు చూసేది; వీపీఎక్స్‌ఏ వీసెంటర్ తరఫున వచ్చి హోస్టులో మకాం వేసిన ప్రతినిధి. వీరిలో ఎవరు మొరాయించినా అంకెలు ముందుకు సాగవు. ఈ సేవలను తిరిగి ప్రారంభించినంత మాత్రాన సామాన్యంగా వర్చువల్ యంత్రాల పని ఆగదు. అయినప్పటికీ పరీక్ష ఫీజు రోజున మాత్రం ఆ సాహసం చేయమని నేను చెప్పను.

సేవకుల జోలికి పోకముందే చూడవలసినది గడియారం. మా విచారణలో తేలినది ఇదే. ఆ హోస్టుకు గడువుకు కొద్దిరోజుల ముందు మదర్‌బోర్డు మార్చారు. మార్చిన సాంకేతికుడు తన చేతి గడియారం చూసి సమయాన్ని స్వయంగా సరిచేశాడు. ఈఎస్‌ఎక్స్‌ఐ యూటీసీ అనే సార్వత్రిక కాలాన్ని పాటిస్తుంది. మన దేశ కాలం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. భారత కాలాన్నే యూటీసీగా ఎక్కించడంతో హోస్టు అయిదున్నర గంటల భవిష్యత్తులోనికి వెళ్లిపోయినది. ఉదయం 11 గంటలకు తీసిన లెక్క మీద సాయంత్రం నాలుగున్నర ముద్ర పడుతున్నది. "గడచిన గంట లెక్కలు ఇమ్మని" వీసెంటర్ అడిగితే, ఆ గంటకు సంబంధించిన ముద్ర గల లెక్క ఒక్కటీ దొరకలేదు. అందరూ తమ తమ పని చేశారు. ఒకరి కాలం మరొకరికి పొసగలేదు. గడియారాలన్నింటినీ ఒకే మూలానికి కట్టివేసే ఎన్‌టీపీ అనే ఏర్పాటును ఆ హోస్టులో తిరిగి అమర్చనే లేదు. దీనికి యూడీపీ 123వ పోర్టు తెరచి ఉండాలి.

దోషం లేకుండానే అంకెలు కనబడని సందర్భాలూ ఉన్నవి. వీసెంటర్‌లో గణాంక స్థాయిలు నాలుగు. ఎవరూ మార్చకుంటే మొదటి స్థాయియే అమలులో ఉంటుంది. ఆ స్థాయిలో ఒక్కొక్క డిస్కుకు, ఒక్కొక్క నెట్‌వర్కు కార్డుకు సంబంధించిన విడి లెక్కలు చరిత్రలో నిలువవు. గంటసేపు కనబడిన డిస్కు గీత ఆ తరువాత మాయమైనదంటే యంత్రం చెడిపోలేదు. దాచమని మనం చెప్పలేదు, అంతే. విడి లెక్కలు కావాలంటే మూడవ స్థాయికి పోవాలి. అప్పుడు డేటాబేసు పెరుగుతుంది. అవసరమైన కొద్దిరోజులు పెంచి మరల తగ్గించడం మేలని నా అభిప్రాయం.

ఇక అడిగే తీరులోనే లోపం ఉండవచ్చు. బయటి పర్యవేక్షణ సాధనం వాడే ఖాతాకు పైనుండి క్రింది వరకు చదివే అనుమతి వ్యాపించకపోతే కొన్ని యంత్రాల అంకెలే వస్తాయి. మరొక చిక్కు కూడా కలదు. నిల్వలోని లెక్కల కోసం ఒక ప్రశ్నలో ఇన్నింటిని మించి అడగరాదని వీసెంటర్ ఒక పరిమితి విధించినది. 6.0 సంచికలో అది సామాన్యంగా 64. పెద్ద పెద్ద ప్రశ్నలు వేసే సాధనాలకు అప్పుడు జవాబుకు బదులు ఖాళీయే మిగిలేది.

మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీ లోనూ కథ దాదాపు ఇంతే. చూసే ఖాతా పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ బృందంలో లేకపోవడం, కౌంటర్ల పట్టిక చెడిపోవడం అక్కడి సామాన్య కారణాలు. భాషోపాధ్యాయుణ్ణి గనుక నన్ను ఆకర్షించినది వేరొకటి. విండోస్‌లో కౌంటర్ల పేర్లు ఆ యంత్రపు భాషలోనే ఉంటాయి. ఇంగ్లీషు పేరుతో అడిగే సాధనానికి జర్మన్ విండోస్‌లో ఆ కౌంటరు ఉన్నప్పటికీ దొరకకపోవచ్చు. ఊరిలో మనిషి ఉన్నాడు, పిలిచిన పేరు వేరు. అందుకే ఏ భాష యంత్రంలోనైనా ఇంగ్లీషు పేరుతోనే అడగగల మార్గాన్ని విండోస్ విస్టా నుండి ప్రత్యేకంగా కల్పించారు.

మా సంగతికి వస్తే, గడియారం సరిచేసిన నిమిషాలకే గీత తిరిగి మొదలైనది. కాని ఆ రెండు గంటల లెక్కలు హోస్టు జ్ఞాపకంలో నుండి ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయాయి. వాటిని ఇప్పుడు ఎవరూ తేలేరు. ఏ హోస్టు నుండి 15 నిమిషాలు అంకెలు రాకున్నా బాధ్యునికి సందేశం వెళ్లేటట్లు ఏర్పాటు జరిగినది. విచారణ నివేదికలో "భారం లేదు" అన్న మాటను కొట్టివేయించి, "లెక్క లేదు" అని వ్రాయించాము. ఆలస్య రుసుము మాత్రం అప్పటికే వసూలైపోయినది.