నీలి తీగ గింజలు పంచే ముందు

వానలు తగ్గుముఖం పట్టి బతుకమ్మ రోజులు దగ్గరపడేసరికి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో కంచెల మీద, తుమ్మల మీద, బాట పక్క ముళ్లపొదల మీద నీలి గరాటు పూలు కనిపిస్తాయి. తెల్లవారేసరికి నిండుగా విచ్చుకుంటాయి, ఎండ ముదిరేలోగా ముడుచుకుపోతాయి. చుట్టుపక్కల బొగ్గు గనుల్లోకి, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోకి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మొక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఈ పువ్వును చూసి ఊరుకోలేరు. కాయ ఎండగానే నాలుగు గింజలు కొంగున కట్టుకుంటారు, అడిగినవాళ్లకు పంచుతారు. మంచి అలవాటే. కానీ ఇస్తున్నది ఏ తీగ గింజో తెలిసి ఇవ్వాలి. నీలి పూల తీగలు చాలా ఉన్నాయి, అన్నింటి నడవడీ ఒకటి కాదు.

ఈ గరాటు పూల తీగల్ని మార్నింగ్ గ్లోరీలు అంటారు. ముందుగా అవి కానివాటిని పక్కన పెడదాం. శంఖుపుష్పం నీలంగానే ఉంటుంది, తీగగానే పాకుతుంది, కానీ అది చిక్కుడు జాతి. పువ్వు గరాటులా ఉండదు, కాయ చిక్కుడుకాయలా సన్నగా, బల్లపరుపుగా వస్తుంది. విష్ణుక్రాంతం మార్నింగ్ గ్లోరీ కుటుంబంలోదే, అయితే నేలను అంటుకుని పెరుగుతుంది, పువ్వు చిటికెన వేలి గోరంత. ఇక చెరువు గట్ల మీద, మురుగు కాలువల పక్కన గుబురుగా పెరిగే లొట్టపీసును విదర్భలో బేశరం అంటారు. అది తీగ కాదు, పొద. పువ్వు గులాబీ కలిసిన ఊదా. ఆకు తింటే మేకలకు నరాల జబ్బు వస్తుంది. కొమ్మ ముక్క తడి నేల మీద పడితే చాలు బతుకుతుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.

మిగిలినవి అసలైన నీలి మార్నింగ్ గ్లోరీలు. మన వైపు అడవి మొక్కగా ఎక్కువగా కనిపించేది ఐపోమియా నిల్. తెలుగులో జిరికి, కొల్లి అంటారు. మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్లు దీని గింజను కాళాదాణా అంటారు. ఇప్పుడు చంద్రపూర్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా 1956కు ముందు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. కాబట్టి ఈ ప్రాంతంలో ఒకే తీగకు రెండు భాషల పేర్లు వినిపించడం వింతేమీ కాదు.

జిరికిని గుర్తుపట్టడానికి పువ్వు రంగు కంటే పువ్వు అడుగుభాగం మీద ఎక్కువ ఆధారపడాలి. పువ్వును పట్టి ఉంచే ఐదు ఆకుపచ్చ రక్షక పత్రాలను చూడండి. జిరికిలో అవి సన్నగా, పొడవుగా సాగి సూదిమొనతో ముగుస్తాయి, మొదలు దగ్గర గరుకు నూగు ఉంటుంది. ఆకు సాధారణంగా మూడు పాయలుగా చీలి ఉంటుంది. తీగ మీద వెంట్రుకలు వెనక్కి తిరిగి ఉంటాయి, వేలితో కిందికీ పైకీ నిమిరితే తేడా తెలుస్తుంది. పువ్వు నీలం, లోపల గొంతు తెలుపు. గుండ్రటి కాయలో మూడు గదులు, గదికి రెండేసి చొప్పున ఆరు దాకా నల్లటి మూడంచుల గింజలు.

దగ్గరి చుట్టాలతోనే చిక్కు. తోటల నుంచి తప్పించుకుని కంచెలెక్కే ఐపోమియా పర్పూరియాకు ఆకు ఎక్కువగా గుండె ఆకారంలో ఉంటుంది, రక్షక పత్రాలు పొట్టివి. ఐపోమియా ఇండికా ఏళ్ల తరబడి బతికే తీగ, పూలు గుత్తులుగా వస్తాయి, గింజ అరుదు. అందుకే ఒక తీగ బాగా పూసినా కాయే కనిపించకపోతే ముందుగా దీన్నే అనుమానించాలి. నర్సరీ పొట్లాల్లో 'హెవెన్లీ బ్లూ' పేరుతో దొరికేది ఐపోమియా ట్రైకలర్. దాని తీగ నున్నగా ఉంటుంది, కాయలో రెండే గదులు, నాలుగు గింజలు. అమెరికా జాతి ఐపోమియా హెడరేసియాలో రక్షక పత్రాల మొనలు వెలుపలికి వంపు తిరిగి ఉంటాయి. పాత భారతీయ వైద్య గ్రంథాల్లో మన జిరికినే హెడరేసియా అని రాశారు. పుస్తకంలో పేరు చూసి అయోమయపడేవాళ్లు కాయను, రక్షక పత్రాన్ని నమ్మాలి.

రంగును ఎందుకు అంతగా నమ్మకూడదో చెప్పే ఒక పరిశోధన ఉంది. 1995లో జపాన్ శాస్త్రజ్ఞులు హెవెన్లీ బ్లూ పూరేకుల కణాల్లోకి సన్నని ఎలక్ట్రోడ్‌ను దించి కొలిచారు. ఎర్రటి ఊదా మొగ్గలో పీహెచ్ 6.6 ఉంటే, విచ్చిన నీలి పువ్వులో 7.7కు చేరింది. వర్ణపదార్థం అదే, రసం క్షారం వైపు జరిగింది, అంతే. పువ్వు వాడిపోతే మళ్లీ గులాబీ వైపు తిరుగుతుంది. పది గంటలకు తీసిన ఫోటో చూసి ఇది గులాబీ రకం అనుకుంటే పొరపాటే. తెల్లవారి చూసిన రంగునే రాసుకోవాలి.

జపాన్‌లో ఈ తీగకు ఉన్న గౌరవం మనకు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. చైనా నుంచి మందుగా వెళ్లిన జిరికి అక్కడ అసగావో అయింది. ఎడో కాలంలో పూరేకులు చీలిన రకాలు, ఆకు ముడుచుకున్న రకాలు ఎన్నెన్నో పుట్టించి, ఎంచి, దాచారు. 2016లో దాని జన్యుక్రమం చదివారు. ఆ గింజల నిధి క్యూషూ విశ్వవిద్యాలయంలో ఉంది. అన్ని రకాలు చెదరకుండా నిలవడానికి ఒక వీలు మొక్కలోనే ఉంది. మొగ్గ విచ్చకముందే కేసరాలు సాగి కీలాగ్రాన్ని తాకుతాయి, కాబట్టి చాలావరకు తనంతట తానే పరాగసంపర్కం జరుపుకుంటుంది. అందువల్ల ఒక తీగ గింజల నుంచి ఎక్కువగా ఆ తీగ లాంటివే వస్తాయి. పంచుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఇదే మొక్క మీద ప్రయోగశాలల్లో మరో విషయం తేలింది. జిరికి పొద్దు తగ్గుతుంటే పూస్తుంది. 'వయొలెట్' అనే రకం మొలకకు ఒక్క పొడవాటి చీకటి రాత్రి దొరికినా చాలు, పూతకు సిద్ధమవుతుంది. ఆ రాత్రి మధ్యలో వెలుగు పడితే పూత ఆగిపోతుంది. అందుచేత కాలనీల్లో రాత్రంతా వీధిదీపం వెలిగే చోట నాటిన తీగ ఆకు బాగా వేసి పువ్వు ఆలస్యం చేయవచ్చు. చీకటి మూల చూసి నాటండి.

గింజ తీసేటప్పుడు కాయ గోధుమరంగుకు తిరిగి, తొక్క గలగల్లాడాలి. పచ్చి కాయ గింజ మొలవదు. చిన్న గుండ్రటి కన్నాలున్న గింజలు పురుగు తిన్నవి, పారేయండి. నీడలో వారం ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టాలి, ప్లాస్టిక్‌లో అయితే మిగిలిన తడి బూజు పట్టిస్తుంది. గింజ పెంకు గట్టిది. విత్తేముందు గింజ మీది బొడ్డు మచ్చకు ఎదురు వైపు గరుకు కాగితంతో కాస్త గీకి, రాత్రి నీళ్లలో నానబెడితే త్వరగా మొలుస్తుంది. మొలకెత్తాక మొదటి రెండాకులు మధ్యలో లోతుగా నొక్కుకుపోయి కనిపిస్తాయి. అవి చూస్తే మార్నింగ్ గ్లోరీయే అని చాలావరకు చెప్పవచ్చు.

ఇక జాగ్రత్తలు. ఈ గింజ తినేది కాదు. కాళాదాణా గట్టి విరేచనకారి. 1868 నాటి భారత ఔషధ సంహితలో అది ఆ పనికే చేరింది. హెవెన్లీ బ్లూ గింజల్లో మనసును, శరీరాన్ని కలవరపెట్టే క్షారాభాలు ఉంటాయి. పిల్లలకు అందని చోట పెట్టండి, నర్సరీ పొట్లం గింజలకు పైన పురుగుమందు పూత ఉండవచ్చని గుర్తుంచుకోండి. కందగడ్డ (చిలగడదుంప) వేసేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఈ తీగల మీద కందగడ్డ ముక్కుపురుగు ఆశ్రయం పొందుతుంది. పత్తి, సోయా చేల గట్ల మీదా నాటకండి, రాలిన గింజలు కలుపుగా తిరిగొస్తాయి.

తాడోబా పులుల అభయారణ్యం దగ్గరే ఉంది. అక్కడ ఏ తీగ కనిపించినా గింజ ముట్టుకోకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి సంపద తేవడం నేరం. రోడ్డు పక్కన, మీ గుమ్మం ముందు పండినవే పంచండి. అమెరికాలో ఉన్న పిల్లలకు కవర్లో పెట్టి పంపడం కూడా వద్దు. అక్కడ గింజల దిగుమతికి అనుమతి కావాలి, ఇదే ఐపోమియా జాతికి చెందిన మన తూటికూర అయితే సమాఖ్య కలుపు జాబితాలోనే ఉంది. విదేశాల గింజలు ఇక్కడికి తెచ్చుకోవడానికీ 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది.

పొట్లం మీద నాలుగు మాటలు రాసి ఇవ్వండి: ఎక్కడ దొరికింది, ఏ నెలలో, తెల్లవారి రంగేమిటి, ఆకు మూడు పాయలా గుండె ఆకారమా. రక్షక పత్రం దగ్గర నుంచి తీసిన ఒక ఫోటో ఫోన్‌లో పంపండి. జాతి పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. మీకే అలాంటి పొట్లం అందితే, జూన్‌లో కుండీలో వేసి, పూసినప్పుడు చూసి, అది జిరికే అని తేలాక మాత్రమే పక్కింటికి గింజ ఇవ్వండి.