శాంపిలర్: ఒక్క స్వరంతో మొదలైన వాద్యం

ఏదైనా వాద్యం పలికిన ఒక స్వరాన్ని రికార్డు చేసి, అంకెలుగా మార్చి దాచుకుని, ఆ ఒక్కదాన్నే కీబోర్డు పొడవునా హెచ్చు తగ్గు శ్రుతుల్లో పలికించే యంత్రం శాంపిలర్. దాని కిటుకు వినడానికి చాలా తేలిక. దాచిన అంకెలను రికార్డు చేసినప్పటికంటే వేగంగా చదివితే శ్రుతి పెరుగుతుంది, నెమ్మదిగా చదివితే తగ్గుతుంది. వేగం రెట్టింపైతే సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుంది. పాశ్చాత్య కీబోర్డులో ఒక స్థాయిని 12 సమాన అంతరాలుగా విభజించారు కనుక, ఒక్కో మెట్టు ఎక్కడానికి వేగాన్ని సుమారు 1.0595 రెట్లు చేస్తే చాలు. మధ్య స్థాయి ‘సి’ని సెకనుకు 262 కంపనాల దగ్గర రికార్డు చేశామనుకుందాం. నాలుగు మెట్ల పైనున్న ‘ఇ’ కావాలంటే అదే రికార్డింగును 1.26 రెట్ల వేగంతో చదవాలి. లెక్క ఇంతే. అయితే ఈ లెక్క ప్రకారం పలికిన శబ్దాన్ని వాద్యమని చెవి ఒప్పుకోవడానికి ఏళ్ల తరబడి శ్రమ పట్టింది.

అంకెల యుగానికి ముందే ఈ ఆలోచన అయస్కాంత టేపు మీద రూపు దిద్దుకుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో హ్యారీ చాంబర్లిన్ 1940ల చివర్లో కీబోర్డులోని ప్రతి కీ కింద ఒక టేపు ముక్క అమర్చే ప్రయోగాలు మొదలుపెట్టాడు. అదే పద్ధతిని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ సోదరులు మెరుగుపరచి 1963లో మెలోట్రాన్‌ను తెచ్చారు. కీ నొక్కితే టేపు కదులుతుంది, వదిలితే మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కో టేపు పలికేది సుమారు 8 సెకన్లే. ఆ తరవాత వేలు ఇంకా కీ మీదే ఉన్నా శబ్దం ఆగిపోతుంది. 1967లో బీటిల్స్ ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వినిపించే వేణువులు ఈ యంత్రానివే. ఇందులో ఒక మెచ్చదగ్గ నిజాయితీ ఉంది. ప్రతి స్వరాన్నీ విడిగా రికార్డు చేశారు కాబట్టి ఏ స్వరాన్నీ సాగదీయాల్సిన పని లేదు. దానికి బదులుగా బరువైన పెట్టె, అరిగిపోయే టేపులు, కొత్త శబ్దం కావాలంటే మొత్తం టేపుల చట్రాన్నే మార్చడం వంటి ఇబ్బందులు భరించాల్సి వచ్చేది.

అంకెల శాంపిలర్ మరో దారిలో పుట్టింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే ఇద్దరు మిత్రులు 1975లో ఒక చిన్న సంస్థ పెట్టి, సిడ్నీ రేవులో తిరిగే ఒక ఫెర్రీ పేరు మీద దానికి ఫెయిర్‌లైట్ అని పేరు పెట్టారు. వారి లక్ష్యం శబ్దాన్ని రికార్డు చేయడం కాదు. వాద్యాల నాదంలో కలిసే అనుస్వరాలన్నిటినీ కంప్యూటరుతో గణించి, ఏమీ లేని చోటి నుంచి సృష్టించాలని వారి కోరిక. నాటి ప్రాసెసర్ల శక్తి అందుకు ఏమాత్రం సరిపోలేదు. నిజమైన నాదంలో ఏముందో పరిశీలించడానికి వోగెల్ రేడియోలో వస్తున్న పియానో వాదనలోంచి ఒక చిన్న ముక్కను యంత్రంలోకి ఎక్కించి, వేర్వేరు శ్రుతుల్లో పలికించి చూశాడు. నెలల తరబడి గణించి తీసిన శబ్దాలకంటే ఆ ముక్కే ఎంతో జీవంతో పలికింది. దీన్ని వారు తొలుత రాజీగానే భావించారు. కానీ 1979లో వచ్చిన ఫెయిర్‌లైట్ సీఎంఐకి పేరు తెచ్చింది ఆ రాజీయే.

ఆ యంత్రంలో ఎనిమిది స్వరాలు ఒకేసారి పలికేవి. ఒక్కో స్వరానికి ఉన్న జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు. సెకనుకు 24 వేల నమూనాల (శబ్దాన్ని కొలిచిన అంకెల) చొప్పున నింపితే అది సెకనులో మూడింట రెండు వంతులకు సరిపోయేది. ధర మాత్రం ఒక ఇల్లు కొనగలిగేంత. అందుకే పీటర్ గేబ్రియల్, కేట్ బుష్ వంటి కొద్దిమంది ప్రసిద్ధ సంగీతకారుల చేతుల్లోకే మొదట వెళ్లింది.

ఒక్క స్వరాన్ని సాగదీస్తే వచ్చే లోపం ఈ యంత్రంతోనే అందరికీ తెలిసొచ్చింది. వయొలిన్ తీగ శ్రుతి మారినప్పుడు దాని చెక్కపెట్టె మారదు. పెట్టెకు సొంతంగా కొన్ని అనునాదాలుంటాయి. ఏ స్వరం పలికినా అవి దాదాపు అదే పౌనఃపున్యాల దగ్గర నిలిచి ఆ వాద్యపు గొంతును నిర్ణయిస్తాయి. మనిషి గొంతులో నోటి కుహరం చేసే పనీ ఇదే. రికార్డింగును వేగంగా చదివినప్పుడు తీగతో పాటు పెట్టె కూడా చిన్నదైపోయినట్టు అన్నీ కలిసి పైకి జరుగుతాయి. అందుకే ఎనిమిది మెట్లు పైకి లాగిన మగ గొంతు కార్టూన్ బొమ్మ గొంతులా వినిపిస్తుంది. స్వరంలోని వణుకు కూడా వేగం పుంజుకుంటుంది, కింది స్వరాల్లో బద్ధకంగా సాగుతుంది. దీనికి తేలిక మందు లేదు. వాద్యాన్ని ప్రతి మూడు నాలుగు మెట్లకొకసారి రికార్డు చేసి, ఒక్కో రికార్డింగును, అంటే శాంపిల్‌ను, దాని మూల స్వరానికి అటూ ఇటూ ఒకటి రెండు మెట్ల మేర మాత్రమే వాడడమే మార్గం. కీబోర్డును ఇలా మండలాలుగా పంచడంతోనే శాంపిల్ వాద్యాల నిర్మాణం ఒక విద్యగా మారింది. కానీ ఎక్కువ శాంపిళ్లంటే ఎక్కువ జ్ఞాపకశక్తి, అప్పట్లో దాని ధర ఆకాశంలో ఉండేది.

కాలిఫోర్నియాలోని ఇ-ము సంస్థకు చెందిన డేవ్ రాసమ్ ఈ ఖర్చు మీద ఒక సూటి దెబ్బ కొట్టాడు. ఫెయిర్‌లైట్‌లో ప్రతి స్వరానికీ విడివిడిగా ఉన్న జ్ఞాపకశక్తిని చూసి, అన్ని స్వరాలూ ఒకే దాన్ని పంచుకుని చదివితే చాలుననుకున్నాడు. 1981లో వచ్చిన ఇ-ము ఎమ్యులేటర్‌లో 128 కిలోబైట్లు, ఎనిమిది బిట్ల శబ్దం, కీబోర్డు రెండు సగాలకూ సుమారు రెండేసి సెకన్లు. ధర దాదాపు 10 వేల డాలర్లు. మొదటి యంత్రం స్టీవీ వండర్‌కు చేరింది. 1985 నాటికి ఎన్సోనిక్ మిరాజ్ అనే శాంపిలర్ 2 వేల డాలర్ల లోపే దొరికింది. కమడోర్ 64 కంప్యూటరు ధ్వని చిప్‌ను రూపొందించిన బాబ్ యానస్ దీని చిప్‌ను కూడా తయారు చేశాడు.

రెండు సెకన్ల రికార్డింగుతో పది సెకన్ల స్వరం పలకాలంటే లూప్ కావాలి. ఏ వాద్యానికైనా స్వరం ఆరంభమే గుర్తింపు. పియానో సుత్తి తగిలే క్షణం, వేణువులో ఊపిరి మొదలయ్యే శబ్దం, తీగను మీటిన తొలి స్పర్శ లేకపోతే ఏ వాద్యమో చెప్పడమే కష్టం. ఆ ఆరంభాన్ని ముట్టుకోకుండా ఉంచి, తరవాతి నిలకడ భాగంలో ఒక ముక్కను గుండ్రంగా తిప్పుతారు. ముక్క మొదలూ చివరా తరంగంలో ఒకే చోట కలవాలి. లేకపోతే ప్రతి చుట్టుకూ ‘టిక్కు’ మంటుంది. తరంగం సున్నా గీత దాటే చోట కోయడం ఒక ఉపాయం. చివరను మొదటితో నెమ్మదిగా కలిపి వేయడం ఇంకో ఉపాయం.

లూప్‌లో పైకి కనబడని చిక్కొకటి ఉంది, దాని లెక్క చాలా సొగసైనది. సెకనుకు 44,100 నమూనాలు తీసిన రికార్డింగులో 440 కంపనాల ‘ఎ’ స్వరపు ఒక్కో తరంగం 100.2 నమూనాల పొడవుంటుంది. నమూనాలను ముక్కలు చేయలేం కనుక లూప్‌ను 100 దగ్గర కోస్తే వచ్చేది 441. ఇది చెవికి అంతగా తెలియదు. అదే మూడు స్థాయుల పైనున్న 3,520 కంపనాల స్వరానికి తరంగం పొడవు 12.5 నమూనాలే. 12 దగ్గర కోస్తే 3,675 వస్తుంది, అంటే ఒక మెట్టులో దాదాపు నాలుగింట మూడు వంతులు అపశ్రుతి. అందుకే ఒక తరంగాన్ని కాక పదులకొద్దీ తరంగాలను కలిపి లూప్ చేస్తారు. అప్పుడు ఆ తేడా అన్నిటికీ పంచుకుపోయి మాయమవుతుంది. పియానోలాగా క్రమంగా తగ్గిపోయే శబ్దానికి లూప్ ఒక్కటే చాలదు. యంత్రమే శబ్దాన్ని తగ్గిస్తూ, పై అనుస్వరాలను ముందుగా వడకడుతూ రావాలి, ఎందుకంటే నిజమైన తీగలో ముందు అణగిపోయేవి అవే.

1983లో సంగీత యంత్రాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంచుకునే మిడి ప్రమాణం వచ్చాక కీబోర్డు వేరు, శాంపిలర్ వేరు అయ్యాయి. ఏ కీ నొక్కారో, ఎంత వేగంగా నొక్కారో రెండిటినీ మిడి 0 నుంచి 127 మధ్య అంకెలుగా పంపుతుంది. మధ్య స్థాయి ‘సి’ అంకె 60. డేవిడ్ కాకరెల్ రూపకల్పన చేసిన అకాయ్ సంస్థ శాంపిలర్లలో 1988 నాటి ఎస్1000 స్టూడియోల్లో స్థిరపడిపోయింది. సీడీతో సమానమైన 16 బిట్ల నాణ్యత దానిది. మామూలుగా వచ్చే 2 మెగాబైట్లలో పట్టేది 23 సెకన్ల శబ్దం. నొక్కిన బలాన్ని బట్టి శాంపిల్‌ను మార్చే అలవాటు ఈ తరంలో బలపడింది. మెల్లగా కొట్టిన పియానో స్వరం గట్టిగా కొట్టిన స్వరానికి తగ్గిన రూపం కాదు, దాని నాదమే వేరు. కనుక మృదువైన, మధ్యస్థమైన, గట్టి దెబ్బలను విడివిడిగా రికార్డు చేసి పొరలుగా పేర్చాలి.

ఇక్కడ అంకెలు ఎంత త్వరగా పెరుగుతాయో చూడండి. 88 కీల పియానోను మూడు మెట్లకొకసారి రికార్డు చేస్తే సుమారు 30 స్వరాలు. నాలుగు బలాల చొప్పున 120 రికార్డింగులు. ఒక్కొక్కటి స్టీరియోలో పది సెకన్లే అనుకున్నా 210 మెగాబైట్లు దాటుతుంది. ఆనాటి మామూలు శాంపిలర్లలో అంత చోటు లేదు. 1998లో నెమిసిస్ సంస్థ తెచ్చిన గిగాశాంపిలర్ ఈ గోడను బద్దలు కొట్టింది. ప్రతి శాంపిల్ ఆరంభాన్ని మాత్రమే కంప్యూటరు జ్ఞాపకశక్తిలో సిద్ధంగా ఉంచి, ఆ కొద్ది క్షణాలు పలికేలోపు మిగతాదాన్ని హార్డ్‌డిస్కు నుంచి తెచ్చుకుంటుంది. దాంతో లూప్ అవసరం చాలావరకు తీరిపోయింది. పియానో స్వరాన్ని పూర్తిగా ఆగిపోయేదాకా రికార్డు చేయడం మామూలైంది.

చోటు దొరికాక కొత్త శ్రద్ధలు వచ్చాయి. ఒకే స్వరాన్ని వెంటవెంటనే కొట్టినప్పుడు అదే రికార్డింగు మళ్లీ మళ్లీ పలికితే చెవి తక్షణం పట్టేస్తుంది. నిజమైన డప్పు మీద ఏ రెండు దెబ్బలూ అచ్చం ఒకేలా పడవు. అందుకని ఒకే స్వరాన్ని నాలుగైదు సార్లు రికార్డు చేసి వంతులవారీగా పలికిస్తారు. కీ వదిలినప్పుడు పియానో తీగ మీద అణచు దిమ్మ పడే చప్పుడునూ విడిగా రికార్డు చేస్తారు.

ఆస్ట్రియాలోని వియన్నా సింఫనిక్ లైబ్రరీ అనే సంస్థ ఇంకో అడుగు వేసి, ఒక స్వరం నుంచి మరో స్వరానికి మారే క్షణాన్నే రికార్డు చేయడం మొదలుపెట్టింది. మూడు స్థాయుల వాద్యంలో 36 స్వరాలుంటే, ప్రతిదాని నుంచి పైకి 12, కిందికి 12 చొప్పున మార్పులు తీసుకుని, వాద్యపు పరిధి దాటేవాటిని వదిలేసినా 708 రికార్డింగులు అవుతాయి. అదీ ఒకే బలంతో వాయిస్తే. ఒక్క స్వరం చాలన్న తొలి నమ్మకం నుంచి ఈ విద్య ఎంత దూరం వచ్చిందో ఈ లెక్కలోనే కనబడుతుంది.

కర్ణాటక సంగీతానికి వచ్చేసరికి ఈ సమస్య ఇంకా లోతుకు వెళుతుంది. వీణలో ఒక మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలను అందుకుంటారు. రాగంలో స్వరం అంటే చాలాసార్లు ఆ కదలికే. శాంపిల్ కీబోర్డుతో దీన్ని పలికించడానికి వాడే సాధనం పిచ్ వీల్. మామూలుగా అది రెండు మెట్లు పైకీ రెండు కిందికీ కదులుతుంది, కావాలంటే ఆ పరిధిని పెంచుకోవచ్చు. కానీ ఆ చక్రం శబ్దం మొత్తాన్ని ఒకేసారి జరుపుతుంది. నిజమైన వీణలో తీగ బిగువు మారుతుందే తప్ప పనసచెక్క కుండ మారదు. అందుకని కొందరు తయారీదారులు కంపితం, జారు వంటి గమకాలనే నేరుగా రికార్డు చేసి, కీబోర్డు కింది చివర వాడకంలో లేని కీలతో వాటిని ఎంచుకునే వీలు కల్పిస్తున్నారు. ఇలా దాచిన గమకానికి దాని కాలప్రమాణం కూడా అంటిపెట్టుకునే వస్తుంది. విళంబంలో తీసిన కంపితం మధ్యమ కాలంలో ఒదగదు. కాబట్టి ఒకే గమకాన్ని రెండు మూడు వేగాల్లో రికార్డు చేసి, నడుమ ఉన్న వేగాలకు శ్రుతి మారకుండా కాలాన్ని మాత్రం సాగదీసే గణన పద్ధతులను వాడాల్సి వస్తోంది.